పేరు కోసేసిన పాట

"పాలు పొయ్యను పొయ్యుండాది, వస్తాది, కూసో నాయనా" అని చెప్పి పక్కింటి సరోజమ్మ లోపలికి వెళ్ళిపోయింది. శివకుమార్ పెద్దమ్మ ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. ఒడిలో సంచి, సంచిలో బ్యాటరీలతో నడిచే టేప్ రికార్డరు, దాంట్లో పదకొండేళ్ళ కిందటి క్యాసెట్టు. పాలకేంద్రం ఊరి ఆ చివర. వరుసలో నిలబడి, పాలు పోసి, ఆమె నడిచి రావాలంటే గంటైనా పడుతుంది. పెదనాన్న నల్లప్ప కరెంటొచ్చే వేళని బోరు దగ్గరికి పోయాడట. శాంతిపురంలో బస్సు దిగి ఊళ్ళోకి నడుస్తున్నంత సేపూ శివకుమార్ మాటలు వరుసగా పేర్చుకున్నాడు. పెద్దమ్మా, నిన్న సాయంత్రం పెళ్ళి మెరవణిలో నువ్వు విన్న ఏడుపు నీదే. పెట్టింది నేనే. రెండేళ్ళ నుంచి పెడతాండా. మనిషి ఎదురుగా ఉంటే ఆ ఊపులోనే చెప్పేసేవాడు. ఇప్పుడు ఖాళీ అరుగు, దగ్గరగా వేసిన తలుపు, గడపకు కొత్తగా పూసిన పసుపు. పేర్చుకున్న మాటలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. ఏదో ఇంట్లో మిక్సీ తిరుగుతోంది. దూరంగా గ్రానైటు కోసే యంత్రం ఒకే శ్రుతిలో కీచుమంటోంది. అతని కుడికాలి బొటనవేలు తనకు తెలియకుండానే ఆ రెండు శబ్దాల మధ్య తాళం వెతుక్కుంటోంది. గమనించి కాలు అదిమిపెట్టాడు. ఎక్కడికొచ్చినా ఇదే పని. ఆఖరికి ఇక్కడ కూడా.

ఈ జబ్బు పుంగనూరులో పట్టుకుంది. నాన్న వెంకటేశులుకు మైకు సెట్టు అంగడి ఉండేది, పక్కనే క్యాసెట్లు నింపి ఇచ్చే చిన్న గది. పెళ్ళికి, గంగజాతరకు, ద్రౌపదమ్మ గుడి దగ్గర మహాభారతం జరిగే రోజులకు నాన్న మైకు కొమ్ములు కట్టేవాడు. పగలు హరికథ చెప్పే ఆయన గొంతు ఆ కొమ్ముల్లోంచి ఊరంతా పోయేది. నాన్నకు ఒకటే నియమం. ఒక పాట మీద ఇంకో పాట పడకూడదు. పడితే రెండూ చెడిపోయినట్టే. "ఒగరు మాట్లాడతాంటే ఇంగొకరు మాట్లాడతారా ఏంరా?" అనేవాడు. శివకు మాత్రం ఆ పడే చోటే కావలసింది. జాతర రోజుల్లో గుడి వీధి మలుపులో ఒక చోటు ఉండేది. అక్కడ నిలబడితే ఎడమ చెవిలో పంబ డోళ్ళ మోత, కుడి చెవిలో నాన్న కొమ్ములోంచి భక్తి పాట, వెనకనుంచి కోలారు లారీలో కన్నడ పాట, కుప్పం బస్సు వచ్చి ఆగితే దాంట్లోంచి తమిళ పాట. రెండడుగులు ముందుకు వేస్తే పంబ పెరుగుతుంది. ఒకడుగు వెనక్కి వేస్తే భక్తి పాట పైకొస్తుంది. పదేళ్ళ వయసులో ఆ మలుపులో ముందుకూ వెనక్కూ నడుస్తూ పొద్దంతా గడిపేవాడు. అమ్మ యశోదమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోయేది. పిల్లవాడికి ఎండ దెబ్బ తగిలిందేమోనని తలకు ఆముదం పెట్టేది. తర్వాత బెంగళూరులో ఒక డీజే దగ్గర పనికి చేరి, చేతికింద పాటలు కలిపే మిక్సరు, దాని మీద అటూ ఇటూ జరిగే మీట మొదటిసారి చూసినప్పుడు అతనికి కొత్తగా ఏమీ అనిపించలేదు. ఆ మలుపులో కాళ్ళతో చేసింది ఇక్కడ వేలితో చేయాలి, అంతే.

కానీ కాళ్ళకంటే ముందు నాగేంద్ర. పెద్దమ్మ కొడుకు, తనకంటే రెండేళ్ళు పెద్ద, వేసవి సెలవులకు వస్తే ఈ అరుగు మీదే పడక. నాగేంద్రకు సిద్దప్ప చెక్కభజన బృందంలో చోటుండేది. ఇంట్లో ఉన్నంతసేపూ ఖాళీ కిరసనాయిలు డబ్బా, ఇత్తడి బిందె, ఏది దొరికితే దాని మీద వేళ్ళు ఆడించేవాడు. పెద్దమ్మ అరిచేది, బిందె సొట్ట పోతుందని. ఒక మధ్యాహ్నం డబ్బాను మోకాళ్ళ మధ్య పెట్టుకుని చెప్పాడు. "సూడు శివా, చెక్క ఈడ పడతాది. కాలు ఆడ పడతాది. ఆ రెంటికీ నడాన సందు ఉండాదే, ఆటంతా ఆ సందులో ఉండాది. చెక్కను అందరూ వింటారు. సందును వినేటోడే ఆడతాడు." తర్వాత పెద్ద పెద్ద మాటలు చాలా విన్నాడు శివకుమార్. బెంగళూరులో తాను కింద పనిచేసిన డీజే నిమిషానికి ఇన్ని దెబ్బలని లెక్క కట్టడం నేర్పాడు, ఇంగ్లీషులో ఒక్కో రకం సంగీతానికి ఒక్కో పేరు చెప్పాడు. ఆ పేర్లన్నీ నేర్చుకున్నాడు. కానీ ఏ రికార్డు పెట్టినా చెవి మాత్రం సందుకే పోయేది. ఎక్కడో దేశంకాని దేశం వాళ్ళ దరువులో చెక్కభజన సందు దొరికితే మనసులోనే నాగేంద్రకు చెప్పుకునేవాడు. ఇదిగో సూడు, వీళ్ళకూ తెలుసు.

అప్పటికి నాగేంద్ర లేడు. తొంభై ఆరు వేసవి. "ఈ తూరి వచ్చేటప్పుడు మీ నాయన టేప్ రికార్డరు తీసుకురా, నా డబ్బా రికార్డు చేద్దాం" అని జాబు రాశాడు. శివ తెచ్చాడు. ఆ రోజు నాగేంద్రకు గ్రానైటు ఫ్యాక్టరీలో ఒక్క పూటే పని. "మద్దేనానికి వచ్చేస్తా, కొత్త క్యాసెట్టు పెట్టుండు" అని సైకిలెక్కి పోయాడు. శివ ఇదే అరుగు మీద కొత్త క్యాసెట్టు వేసి, మైకు తీగ సరిచేసుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం టెంపో వచ్చింది. లారీకి ఎత్తేటప్పుడు రాయి జారిందన్నారు. ఇంకేమీ అనలేదు, అనాల్సిన పని లేకుండా దుప్పటి కప్పి తెచ్చారు. పెద్దమ్మ లోపలినుంచి వచ్చింది, పిండి చేతులతో. అప్పుడు శివ వేలు రికార్డు మీట నొక్కింది. ఎందుకు నొక్కిందో ఈ పదకొండేళ్ళలో వంద రకాలుగా చెప్పుకున్నాడు. భయపడి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాల్సి వచ్చిందని. ఆ గొంతు అట్లా వినడం నా ఒక్కడివల్ల కాక, యంత్రం కూడా వినాలనుకున్నానని. అబద్ధాలు. ఆమె నోరు తెరవగానే అది పాటగా వినబడింది, అదీ నిజం. ఈ ప్రాంతంలో ఆడవాళ్ళు చనిపోయినవాళ్ళను పిలుస్తూ, మాటలు కట్టి, రాగం తీసి ఏడుస్తారు. అది అతను చిన్నప్పటినుంచీ విన్నదే. కానీ ఆ రోజు పెద్దమ్మ గొంతు ఎక్కడికి పోయిందో అక్కడికి ఏ గొంతూ పోగా అతను వినలేదు. ఎవరికీ కనబడకుండా కప్పిన టవలు కింద క్యాసెట్టు తిరుగుతూ ఉంది. పంతొమ్మిదేళ్ళవాడు, అన్న శవం ముందు కూర్చుని, శ్రుతి వింటున్నాడు.

"నాయనా నాగేంద్రా, ఎండలో పోయినోడివి నీడకు రాకపోతివే, బువ్వకు పిలిస్తే పలికేటోడివి, పిలస్తాండానే నాగేంద్రా..." అక్కడ మాటలు అయిపోతాయి. తర్వాత ఒట్టి 'ఓ'. ఊపిరి అయిపోయేదాకా ఒకటే 'ఓ', పైకి పోయి, విరిగి, కిందికి దిగి, మళ్ళీ అంటుకుని. అది పదకొండు సెకన్లు. ఆ పదకొండు సెకన్లు అతనికి ఒంటి మీద పుట్టుమచ్చలా తెలుసు.

రెండువేల ఒకటిలో సొంత జిల్లాకు, మదనపల్లెకు తిరిగొచ్చాడు. బెంగళూరులో అందరూ పెట్టేదే తానూ పెట్టాలి. ఇక్కడైతే తన పుంగనూరు మలుపును మళ్ళీ కట్టుకోవచ్చు. కట్టుకున్నాడు కూడా. టమోటా మార్కెట్టుకు పొద్దున్నే పోయి వేలం పాడేవాళ్ళ గొంతులు రికార్డు చేశాడు. ఆ పాటలోని తొందర కింద పంబ పెట్టి, పంబ కింద బరువైన దరువు పెట్టాడు. గుర్రంకొండ వైపు ఉరుసులో విన్న కవ్వాలీ చప్పట్లను సిద్దప్ప బృందం చెక్కలతో కలిపాడు. మొదట జనం వింతగా చూశారు. పెళ్ళివాళ్ళు సినిమా పాటలు పెట్టమన్నారు. అవీ పెట్టాడు, మధ్య మధ్య తనవి దూర్చాడు. పక్కనున్న అంగళ్ళు ఊరి దగ్గర కాలేజీలో ఇంజనీరింగు పిల్లలే మొదట పట్టుకున్నారు. వాళ్ళలో కడప పిల్లలున్నారు, కోలారు పిల్లలున్నారు, వేలూరువాళ్ళున్నారు. ఎవరికి వాళ్ళకు తమ వీధి ఏదో ఒక మూల వినబడేది. "అన్నా, నీది యా టైపు మ్యూజిక్కు?" అని పవన్ కుమార్ అనే కుర్రవాడు ఒకసారి అడిగాడు. ఏమి చెప్పాలో తెలియక "మా ఊరి మలుపు" అన్నాడు. వాళ్ళు నవ్వారు. అదే పేరుగా స్థిరపడిపోయింది. మలుపు శివ.

రెండువేల ఐదులో ఆ క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించాడు. పాడైపోతుందని, భద్రం చేద్దామని. అలాగే అనుకున్నాడు. తెర మీద పెద్దమ్మ గొంతు కొండలు కొండలుగా గీత గీసింది. ఊరికే, ఎలా ఉంటుందో చూద్దామని ఆ పదకొండు సెకన్ల కింద మెల్లటి దరువు పెట్టాడు. పొద్దున మొదలుపెట్టినవాడు సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవలేదు. పేరు దగ్గరే చిక్కు వచ్చింది. 'నాగేంద్రా' అన్న పిలుపు నాలుగు దెబ్బల్లో ఇమడలేదు, ఐదో దాని మీదికి ఒలికింది. జరిపి చూశాడు, సాగదీసి చూశాడు. ఆఖరికి కోసేశాడు. అన్న పేరు పదిమంది గంతుల మధ్య ఎందుకు, తీసేయడమే మర్యాద అని తనకు తాను చెప్పుకున్నాడు. ఒట్టి 'ఓ' మిగిలింది. అంగళ్ళులో పెట్టిన మొదటిసారి ఐదువందల మంది చేతులు పైకి లేచాయి. ఆ 'ఓ' విరిగే చోట వాళ్ళంతా కలిసి 'ఓ' అన్నారు. అక్కడనుంచి అది లేకుండా ఏ కార్యక్రమమూ లేదు. ఎవరి గొంతన్నా అది అని అడిగితే, పాత క్యాసెట్టులో దొరికింది అనేవాడు.

నిన్న సాయంత్రం పెళ్ళి ఊరేగింపు ఇదే ఊళ్ళో. పెద్దమ్మ ఊరని తెలిసే ఒప్పుకున్నాడు. ఆ పాట మాత్రం పెట్టకూడదనుకున్నాడు. కుప్పం నుంచి వచ్చిన పెళ్ళికొడుకు స్నేహితులు "ఆ 'ఓ' పాట పెట్టన్నా, దానికోసమే నిన్ను పిలిపించింది" అని బండి మీద దరువేసి అరిచారు. ఇంకా పొద్దు కుంకలేదు. పెద్దమ్మ ఇల్లు రెండు వీధుల అవతల, ఆమెకు వినబడినా ఏమి తెలుస్తుందిలే అనుకున్నాడు. పెట్టాడు. దుమ్ము లేచింది. రెండోసారి 'ఓ' వచ్చేటప్పటికి ఆ దుమ్ములో తెల్లటి తల కనబడింది. పెద్దమ్మ. చేతిలో పేడ తట్ట అలాగే ఉంది. గంతులేస్తున్న మగపిల్లల మధ్యకు వచ్చి ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తోంది. "ఎవురప్పా అట్లా ఏడుస్తాండేది? ఎవురికేమైంది? సెప్పండప్పా." ఒకడు నవ్వి, పాట అవ్వా, పాట, అన్నాడు. ఆమెకు వినబడలేదు. సౌండు పెట్టెల దగ్గరికి వచ్చి, బిడ్డ వీపు నిమిరినట్టు ఆ పెట్టె మీద చెయ్యి పెట్టింది. శివకుమార్ ఆపేశాడు. ఆగిన చోట అందరూ అతని వైపు తిరిగారు, ఆమె కూడా. చాలా సేపు చూసింది. తట్ట చంకనెత్తుకుని వెళ్ళిపోయింది.

గుర్తుపట్టిందా, లేదా? రాత్రంతా ఇదే. పొద్దున పుంగనూరుకు ఫోను చేసి అమ్మతో మొత్తం చెప్పాడు. అమ్మ అంతా విన్నది. తర్వాత, "మా అక్క ఏడుపును ఎన్నేండ్ల నుంచి ఆడిస్తాండావురా?" అని ఒకటే మాట అడిగింది. రెండేళ్ళు అన్నాడు. ఫోను పెట్టేసింది.

వీధి మలుపులో ఖాళీ పాలక్యాను చప్పుడు. కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. పెద్దమ్మ రెడ్డెమ్మ నడిచి వచ్చింది, అతన్ని చూసి ఆగలేదు, వేగమూ తగ్గలేదు. క్యాను బోర్లించి, కాళ్ళు కడుక్కుని, చెంగుతో మొహం తుడుచుకుని అరుగు మీద కూర్చుంది.

"యాల నిలబడుకోనుండావు? కూసో."

"పెద్దమ్మా, నిన్న..."

"నా గొంతే గదా అది."

శివకుమార్ తల ఊపాడు.

"ఆడ నిలబడినప్పుడు తెలీల్యా. యా తల్లికో బిడ్డ పోయినాడు, ఈళ్ళేంది ఎగురుతాండారు అనుకున్యా. ఇంటికొచ్చి పండుకున్యాక తెలిసింది. ఆ ఏడుపు నాకే తెలిసిన ఏడుపు." ఆమె సంచి వైపు చూసింది. "తెచ్చినావా?"

"నీకు ఇచ్చేద్దామని తెచ్చినాను. కంప్యూటర్లో ఉండేది కూడా తీసేస్తా పెద్దమ్మా. ఇంగ పెట్టను. తప్పు చేసినా."

"ముందు వినిపీ. ఆ పొద్దు నేనేమన్న్యానో నాకు తెలీదు. జనం సెప్తే వినడమే."

అతను మీట నొక్కాడు. గరగర. అదే అరుగు, అదే తలుపు కిర్రుమనడం, ఎవరివో అడుగులు, తర్వాత ఆమె. పదకొండేళ్ళ కిందటి ఆమె గొంతు, అప్పటికి ఇంకా నల్లటి జుట్టున్న మనిషి గొంతు. రెడ్డెమ్మ రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని విన్నది. కళ్ళనుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. 'నాగేంద్రా' అన్న పిలుపు దగ్గర చెయ్యెత్తింది. అతను టేపు ఆపాడు.

"ఇది నిన్న రాల్యా."

"కోసేసినా."

"యాల?"

మర్యాద అని చెప్పబోయాడు. నోరు తెరిచాక ఆ మాట రాలేదు. "తాళంలో పట్టలేదు పెద్దమ్మా."

"నేను పిలిచిందే వాణ్ణి. పిలుపు తీసేసి అరుపొకటే పెడితివా? పాములోడి బూర మాదిరి." ఆమె గొంతు పెరగలేదు. "ఎగిరేటోళ్ళు ఎగరనీ. వాడూ ఎగిరేటోడే. యాడన్నా పలక డప్పు మోగితే సద్దిబువ్వ ఇడిసిపెట్టి పోయేటోడు. ఎవురికోసరం ఏడ్చినానో తెలీకుండా ఎగిరితే నాకు నచ్చల్యా. పెడితే పేరుతో పెట్టు. పెట్టకుంటే మానెయ్యి."

"పేరు పెడితే ఎవురూ ఆడరు. ఆగిపోతారు."

"ఎంతసేపు ఆగుతారు?"

"వాని పేరు పలికేంత సేపు."

"ఆగనీ."

ఆ మాటను అతని చెవి కాక ఒళ్ళు విన్నది. ఐదో దెబ్బ మీదికి ఒలికిన పేరు. ఒలకనిస్తే దరువే ఆగాలి. పంబా, కిందున్న బరువైన దెబ్బా అన్నీ ఆగి, ఖాళీలో ఒక్క పిలుపు. ఎవరూ పలకని ఖాళీ. దానికి ఎంత పొడుగు ఉంటే అంత. అది తాళం తప్పడం అనుకుని కోసేశాడు రెండేళ్ళ కిందట. కాళ్ళ కింద నేల ఉన్నట్టుండి తెలిసినట్టు అరుగు అంచు పట్టుకున్నాడు. "ఆదివారం అంగళ్ళులో ఉండాది. పేరుతోనే పెడతా" అన్నాడు. ఆమె టేప్ రికార్డరు వైపు గడ్డంతో చూపించింది.

అతను మళ్ళీ మీట నొక్కాడు. 'ఓ' వచ్చింది, విరిగింది, అయిపోయింది. ఎప్పుడూ ఇక్కడే ఆపేస్తాడు. పదకొండేళ్ళలో ఒక్కసారీ దీన్ని దాటి పోలేదు. అలవాటుగా వేలు మీట మీదికి పోయింది. పెద్దమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "ఉండనీ."

జనం గొణుగుడు. ఎవరో నీళ్ళడిగారు. కోడి అరిచింది. మగవాళ్ళు కట్టెల సంగతి మెల్లగా మాట్లాడుకున్నారు. చాలా సేపు తీగ కదిలిన చప్పుడు, గరగర, మళ్ళీ జనం. ఎవరో ఆడమనిషి ముక్కు చీదింది. ఆ తర్వాత, మైకుకు కొంచెం దూరంగా, ఏ రాగమూ లేని గొంతు, మామూలు ఇంటి గొంతు వినబడింది. "పిలకాయలకు బువ్వ పెట్టండమ్మా. పొద్దున్నుంచి ఏమీ తిన్ల్యా. సరోజా, మీ ఇంటికి తోలుకొనిపో వాళ్ళను."

రెడ్డెమ్మ ముందుకు వంగింది. "ఎవురది?"

"నువ్వే పెద్దమ్మా."

"నేనా? ఆ పొద్దా?" ఆమె టేప్ రికార్డరు వైపు, తర్వాత అతని వైపు చూసింది. అనుమానం, ఆ వెనకే ఇంకేదో. "నాకు బుద్ధి ల్యాకుండా పడిపోయుంటినని సెప్పినారే అందరూ." మెల్లగా అడిగింది. "తిన్న్యారా మరి, పిలకాయలు? తెలీదే నాకు."

శివకుమార్‌కు సరోజమ్మ ఇంటి పంచ కనబడింది, వరుసగా వేసిన విస్తళ్ళు, ఒడిలో టవలు కింద బరువుగా టేప్ రికార్డరు. తల ఎత్తకుండా కూర్చున్నాడు తాను. శవాన్ని తీసుకుపోయి అప్పటికి గంటైంది. ఎవరో వడ్డిస్తూ వచ్చి తన ముందు వంగారు. తల ఎత్తలేదు కానీ చెయ్యి చూశాడు. గోళ్ళ చుట్టూ ఎండిన పిండి.

"తిన్న్యాం పెద్దమ్మా" అన్నాడు. "నాకు నువ్వే పెట్టినావు."